తలకట్టు ఊడిపోతే తప్పు రంపానిది కాదు

చేతిపని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ స్క్రోల్ సా గురించే. చెక్కలో పూలూ లతలూ పేర్లూ కోసే ఆ చిన్న మిషన్ మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇంతమంది కొనేశారని మేమూ అనుకోలేదు.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు: రిటైరయ్యాను, ఖాళీగా ఉన్నాను. స్క్రోల్ సా కొందామంటే మా వడ్రంగి "ఎందుకు సార్, జిగ్‌సా ఉంటే అన్నీ అదే కోస్తది" అంటున్నాడు. నిజమేనా?

ఆయన తన పనికి తగ్గట్టు చెప్పాడు, అబద్ధమేం కాదు. వంటింటి కప్‌బోర్డులో గ్యాస్ పైపుకి కన్నం పెట్టాలంటే జిగ్‌సా (చేత్తో పట్టుకుని నడిపే కరెంటు రంపం) బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాకపోతే దాంట్లో బ్లేడుకి ఒక కొసే పట్టు, రెండో కొస గాల్లో ఉంటుంది, అందుకని బ్లేడు వెడల్పుగా, గట్టిగా ఉండక తప్పదు, వెడల్పు బ్లేడు చిన్న మలుపు తిరగదు. స్క్రోల్ సాలో పైనా కిందా రెండు చోట్లా పట్టి బిగిస్తాం కాబట్టి మిల్లీమీటరు వెడల్పు బ్లేడు కూడా నిలబడుతుంది, అక్కడికక్కడే గిర్రున తిప్పుకోవచ్చు.

కొనేటప్పుడు షాపువాళ్లు మోటారు పవర్ గురించి చెబుతారు, మీరు మాత్రం బ్లేడు పట్టుకునే తీరు అడగండి. కొన్ని మిషన్లకు కొసల్లో చిన్న పిన్ను ఉన్న బ్లేడ్లే పడతాయి, ఆ పిన్ను దూరాలంటే చెక్కలో నాలుగైదు మిల్లీమీటర్ల కన్నం పెట్టాలి, ఇక సన్నటి లోపలి డిజైన్లు మర్చిపోవడమే. పిన్ను లేని బ్లేడుకైతే మిల్లీమీటరున్నర కన్నం చాలు. స్పీడు తగ్గించుకునే వీలుండాలి, బ్లేడు నుంచి వెనక స్తంభం దాకా 16 అంగుళాల జాగా ఉంటే ఇంట్లో పనులకు సరిపోతుంది. అసలు ముందు కొన్ని వందల్లో వచ్చే చేతి ఫ్రెట్ సా (చట్రానికి సన్నటి బ్లేడు బిగించిన చేతి రంపం) ఒకటి తెచ్చుకుని, బల్ల అంచుకి వి ఆకారంలో గాడి కోసిన పలక బిగించి, పళ్లు కిందికి ఉండేలా పట్టి ఓ నెల కోసి చూడండి. ఆ నెల తర్వాత కూడా సరదా మిగిలి ఉంటే అప్పుడు మిషన్.

కావలి నుంచి ఒక పాఠకురాలు: కొత్తింటికి మా అత్తగారి పేరు మీద "పద్మ నిలయం" బోర్డు కోద్దామని కంప్యూటర్లో టైప్ చేసి, ప్రింట్ తీసి, చెక్క మీద అతికించి కోశాను. అన్నీ ముక్కలు ముక్కలుగా రాలిపోయాయి. "ప" మీది తలకట్టు కోసం రంపప్పొట్టులో వెతుక్కున్నాను. మా అబ్బాయి పేరు ఇంగ్లిషు కలిపిరాతలో కోస్తే బాగానే వచ్చింది మరి! మిషన్లో లోపమా?

మిషన్‌కేం కాలేదమ్మా. తలకట్టు ఊడిపోతే ఆ తప్పు మీరు చెక్క మీద అతికించిన ప్యాటర్న్‌ది. కాగితం మీద అక్షరాన్ని కాగితమే పట్టుకుని ఉంటుంది, చెక్కలో చుట్టూ కోసేశాక పట్టుకునేది ఏమీ మిగలదు. కలిపిరాతలో అక్షరాలు చేతులు పట్టుకునే ఉంటాయి, మన లిపికి ఆ సౌకర్యం లేదు. ప, ష, స లాంటివాటికి తలకట్టు ఒంటికి తగలదు, ఒత్తులు చాలా ఫాంట్లలో కింద విడిగా ఉంటాయి, సున్న ఎప్పుడూ ఒంటరిదే. మీరు పెట్టిన పేరులో ఈ మూడూ ఉన్నాయి!

కోసే ముందు తేల్చుకోవాల్సింది, అక్షరం మిగలాలా, అక్షరం ఉన్న చోట ఖాళీ మిగలాలా అని. అక్షరమే మిగలాలంటే అన్నిటి కిందా ఓ అరంగుళం పట్టీ గీసి, ప్రతి అక్షరం అడుగునూ ఆ పట్టీలోకి రెండు మూడు మిల్లీమీటర్లు దించండి. "ద్మ"లో ఒత్తు పట్టీకి అడ్డం వస్తుంది కాబట్టి దకారాన్ని కొంచెం పైకి జరిపి చిన్నది చేస్తే, ఒత్తు అటు దాన్నీ ఇటు పట్టీనీ తగులుతూ మధ్యలో ఇమిడిపోతుంది. సున్నని పక్కనున్న యకారానికి ఆనించండి. "ప" తలకట్టుకి మాత్రం ఒంటి నుంచి సన్నటి కాడ ఒకటి గీసి కలపాలి, మూడు మిల్లీమీటర్లు చాలు, కాడకి రెండువైపులా సందు కనపడాలి. తలకట్టుని మొత్తంగా కిందికి దించి అతికించేశారనుకోండి, వచ్చినవాళ్లు "వద్మ నిలయం" అని చదువుతారు, అత్తగారు ఊరుకోరు.

ఖాళీ అక్షరాలైతే లెక్క తిరగబడుతుంది. తలకట్టుతో గొడవ లేదు, అది విడిగా ఒక కన్నం అవుతుంది అంతే. కానీ సున్న మధ్యలో బిళ్ల, రకారం మధ్యలో బిళ్ల రాలిపోతాయి, వాటికి అటోటి ఇటోటి కాడలు వదలాలి.

ప్యాటర్న్ సరిగ్గా వచ్చిందో లేదో కోయకుండానే తెలుసుకోవచ్చు. మిగలాల్సిన చెక్కంతా పెన్సిల్‌తో నల్లగా నింపండి. ఒక అంచు మీద వేలు పెట్టి, ఎత్తకుండా, తెలుపు దాటకుండా నల్లటి ప్రతి చోటికీ వెళ్లగలిగితే అది నిలుస్తుంది. వేలు ఎక్కడ ఎత్తాల్సి వచ్చిందో అక్కడ ముక్క రాలుతుంది. మీకు మెలికల ముగ్గు వేయడం వస్తే దానితోనే మొదలుపెట్టండి, అంతకంటే మంచి ప్యాటర్న్ ఏ డౌన్‌లోడ్‌లోనూ దొరకదు, ఎందుకంటే మెలిక తిరిగిన గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ ఎక్కడికక్కడ పట్టుకునే ఉంటాయి. గీతని నాలుగైదు మిల్లీమీటర్ల మందం చేసి, చుక్కలు తీసేయండి, అవి ఎలాగూ రాలేవే.

ఇంకో రెండు మాటలు. లోపలి కన్నాలన్నీ అయ్యాకే బయటి అంచు కోయండి, లేకపోతే పట్టుకోడానికి చెక్క ఉండదు. ఫాంట్ లావుగా ఉన్నది తీసుకోండి, ఉచితంగా దొరికేవాటిలో రామభద్ర బాగుంటుంది. ఇదంతా తలనొప్పి అనిపిస్తే అక్షరాలు విడివిడిగానే కోసుకుని వాటర్‌ప్రూఫ్ ప్లై పలక మీద ఇంకో ప్రింట్ పెట్టి గుర్తులు దింపుకుని, ఆ గుర్తుల మీద అతికించేయండి. చాలామంది చేసేది అదే, అందులో నామోషీ ఏం లేదు.

సింగరాయకొండ నుంచి: బ్లేడ్లు టపటపా తెగిపోతున్నాయి. గీత మీద తిన్నగా కూడా పోవడం లేదు, పక్కకి లాగేస్తోంది. నాకు నకిలీ బ్లేడ్లు అంటగట్టారా?

పక్కకి లాగడం చాలా బ్లేడ్లకి సహజం. తయారీలో ఒక వైపు సన్నటి పొర మిగిలి ఆ వైపు ఎక్కువ కోస్తుంది, అందుకని చెక్కని తిన్నగా కాకుండా కొంచెం వాలుగా పెట్టి తొయ్యడం అలవాటు చేసుకోవాలి. తెగిపోవడానికి మాత్రం తొందరే ఎక్కువసార్లు కారణం. బ్లేడు వంగేలా తొయ్యకండి, అది కోసినంతే ముందుకి పోనివ్వండి. వేలితో మీటితే టింగుమనాలి, డబ్ అంటే వదులుగా ఉన్నట్టు. పళ్లు కిందికే ఉన్నాయా చూసుకోండి. ఆరు మిల్లీమీటర్ల ప్లైకి 3వ నంబరు బ్లేడు, ముప్పావు అంగుళం చెక్కకి 5వ నంబరు సరిపోతాయి. గట్టి చెక్కలో పావుగంట, ఇరవై నిమిషాలకే బ్లేడు మొద్దుబారుతుంది, పొదుపు చేద్దామని దాన్నే వాడితే చెక్క మాడుతుంది. ప్యాటర్న్ మీద పార్సిల్ టేపు అంటిస్తే మాడడం బాగా తగ్గుతుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి బ్లేడ్ల మీద చుక్క నూనె రాసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

ఉదయగిరి దగ్గర్నుంచి: మా వైపు దొరికే చెక్కల్లో దేనితో మొదలుపెట్టాలి?

చెక్క చెంచాలకి భౌగోళిక గుర్తింపు ఉన్న ఊరి పక్కనుండి మమ్మల్ని అడుగుతున్నారా! అక్కడి పనివాళ్లు నర్ది, బిక్కి, దేవదారి లాంటి చెక్కలతో చేతి పనిముట్లతోనే గరిటెలూ ఫోర్కులూ చెక్కుతారు, ఒక పూట వాళ్ల దగ్గర కూర్చుంటే చెక్క నార ఎటు పోతుందో, ఎటు చెక్కితే చీలుతుందో తెలుస్తుంది. స్క్రోల్ సాకి మొదట్లో మంచి ప్లై, తర్వాత ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క (మేకులన్నీ పీకాకే), ఆపైన టేకు తునకలు. బాగా ఆరిన వేప కూడా బాగుంటుంది. సరుగుడు గట్టిది, పగుళ్లిస్తుంది, నీలగిరి ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది, ఆ రెండూ వద్దు. ఎర్రచందనం ముక్క ఎవరైనా చవగ్గా ఇస్తామంటే చేత్తో కూడా తాకకండి, కాగితాలు లేకుండా దొరికితే కేసే.

నెల్లూరు నుంచి ఒక టీచరమ్మ: పిల్లలకి ఆంధ్రప్రదేశ్ జిల్లాల పజిల్ చేయొచ్చా?

చేయొచ్చు. అసలు ఈ ముక్కలు పేర్చే పజిల్ పుట్టిందే అలాగట. 1760ల్లో లండన్లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన పలక మీద మ్యాప్ అతికించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, భూగోళం పాఠానికి అమ్మాడు. మనకొచ్చిన చిక్కల్లా సరిహద్దులు కుదురుగా ఉండకపోవడమే. 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకి వచ్చింది, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతికి పోయింది, అంతకుముందు కోసిన పజిల్ అటకెక్కాల్సిందే. మా సలహా, జిల్లాలు వదిలేసి నదులు తీసుకోండి. పెన్న, మన్నేరు, పాలేరు, మూసి, గుండ్లకమ్మ, ఈ గీతల వెంట కోస్తే నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల పిల్లలకీ పనికొస్తుంది. ముక్కలు మరీ చిన్నవి వద్దు, అంచులు ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దండి.

ఇదే ఉత్తరంలో దుమ్ము గురించీ అడిగారు. గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్క్ పెట్టుకోండి, ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో కలిపి నొక్కిన పలక) కోసేటప్పుడైతే తప్పనిసరి. వీలైతే మిషన్‌ని వరండాలో పెట్టుకోండి.