తొలి వానకే పత్తి గింజలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది వర్షాధార నల్లరేగడి. రోహిణి కార్తెలోనే మంచి వాన పడితే పత్తి గింజలు పెట్టాం. తర్వాత మూడు వారాలు చినుకు లేదు. సగం మొలవక మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఆగస్టులో ఒక్క రాత్రి వానకు చేనంతా నీళ్లు నిలిచి మొక్కలు వాడిపోయాయి. ముందు ముందు కూడా ఇంతేనా? పత్తి మానేయాలా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: పత్తి మానేయనక్కరలేదు. తొలి వానకే గింజ పెట్టడం మానండి చాలు.

ప్రతి ఏడూ ఇలాగే ఉండదు కానీ, ఇలాంటి ఏళ్లు ఎక్కువవుతాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందువల్ల కురిస్తే కుండపోతగా కురుస్తుంది. కురవని రోజుల్లో అదే వేడి నేలలోని తడిని త్వరగా లాగేస్తుంది. 2023నే చూడండి. జులై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వాన పడింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టులో దేశం మొత్తం మీద, 1901 నుంచి ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ వాన కురిసింది. అందుకే ‘ఈ ఏడు సాధారణ వర్షపాతం’ అన్న వార్త విని నిశ్చింతగా ఉండవద్దంటాను. అది నాలుగు నెలల మొత్తం; పైరు బతికేది వారం వారం తడి మీద.

కార్తెల లెక్క మీద నాకు గౌరవమే. అయితే రోహిణిలో పడేది చాలావరకు వేసవి ఉరుముల వాన, రుతుపవనాలది కాదు. రుతుపవనాలు ముందే వచ్చినా వాన నిలకడగా కురుస్తుందనుకోలేం. 2025లో అవి మే 24నే కేరళను తాకాయి. మామూలుగా జూన్ 1న తాకాలి. మీ నేలలో 60–75 మి.మీ. వాన పడ్డాక, పారతో తవ్వితే జానెడు లోతు తడి కనిపించాకే గింజ పెట్టండి. జులై మధ్య వరకు గడువుంది, తొందరేమీ లేదు. అప్పటికీ తడి లేకపోతే పత్తి కోసం పట్టుబట్టక కంది వేసుకోండి. పత్తిలోనూ నాలుగు లేదా ఆరు సాళ్లకు ఒక సాలు కంది వేస్తే, ఒకటి దెబ్బతిన్నా రెండోది ఆదుకుంటుంది.

వాలుకు అడ్డంగా బోదెలు తోలి వాటిపై గింజ పెట్టండి. మీ చేనుకు అన్నిటికన్నా అవసరమైన పని ఇదే. బెట్టలో బోదెల మధ్య కాలువలు తడిని నిలుపుతాయి, పెద్ద వానలో మొక్క మొదలు నీట మునగదు. కాలువల చివర, చేను పల్లపు మూలకు దారి తీసి మిగులు నీటిని కుంటలోకి పంపండి.

వాన ముఖం చాటేస్తే గుంటక తోలి నెర్రెలు పూడ్చండి. లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి పిచికారీ చేయండి. నీళ్లు నిలిచిన చేనులో ముందు నీరు తీసేయాలి. పదును రాగానే ఎకరాకు 25–30 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వేయండి. మొక్కలు వాడుతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడపండి.

మంగళ, శుక్రవారాల్లో వచ్చే మీ జిల్లా వ్యవసాయ వాతావరణ సూచన ‘మేఘదూత్’ యాప్‌లో తెలుగులోనే దొరుకుతుంది. రాబోయే ఐదు రోజుల అంచనా చూశాకే యూరియా సంచి విప్పండి. భారీ వాన ఉందంటే ఆగండి, వేసిన ఎరువంతా కొట్టుకుపోతుంది.