చీమకుర్తి గెలాక్సీ రాయి నిజంగా గ్రానైటేనా, దాని వయసు ఎలా తెలుస్తుంది?

గ్రానైట్ అని అమ్ముతారు గానీ అది గాబ్రో (భూమి లోపల మెల్లగా చల్లారి గట్టిపడిన నల్లటి రాయి) రకం అండి, రాయిని మెత్తగా పొడి చేసి ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్లో (ఎక్స్‌రేలతో రాయిలో ఏ మూలకం ఎంతుందో కొలిచేది) పెడితే తెలిసిపోద్ది, గ్రానైట్లో సిలికా 70 శాతం దాకా ఉంటే గాబ్రోలో 50 దగ్గరే ఆగుద్ది, ఇనుము, మెగ్నీషియం ఎక్కువ. పాలిష్ పలక మీద మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజం.

వయసుకి జిర్కాన్ గింజలు (రాయి గట్టిపడేటప్పుడే కొద్దిగా యురేనియంతో ఏర్పడే చిన్న ఖనిజ గింజలు) ఏరాలి. వాటిలో యురేనియం 238 సగం సీసంగా మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుద్ది కాబట్టి రెండిటి నిష్పత్తి కొలిస్తే లెక్క తేలుద్ది, కాకపోతే గాబ్రోలో జిర్కాన్ బాగా తక్కువ, చాలా రాయి దంచాలి. శాంపిల్ మాత్రం పైన ఎండకి వానకి పాడైపోయిన రాయి తీసుకోవద్దు, క్వారీలో కొత్తగా కోసిన గోడ నుంచే తీయండి.