ట్రైనింగ్ ఇచ్చినా పని ఎందుకు రావడం లేదు?

"కొత్తగా చేరినవాళ్లకు వారం రోజులు క్లాసులు పెడుతున్నాం, అయినా పని రావడం లేదు, ఎందుకు?" అని అడిగారు. నేను పద్దెనిమిదేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని, అంటే ఇనుమును మిషను మీద తిప్పుతూ చెక్కే పని, చేస్తున్నాను. నాకు తెలిసిన కారణం ఒక్కటే. ఆ క్లాసుల్లో తప్పు చేసినా ఏమీ పాడవదు.

ఐటీఐలో రెండేళ్లు టర్నర్, అంటే ఈ లేత్ పనే, చదివాను. మేం తీసిన షాఫ్టుకు, అంటే గుండ్రటి ఇనుప కడ్డీకి, సార్ మార్కులు వేసేవారు, అది బీరువాలోకి పోయేది. దానికి ఏ బేరింగూ (షాఫ్టు తిరగడానికి తొడిగే రింగు) ఎక్కాల్సిన అవసరం లేదు. రికార్డులో బొమ్మలు మాత్రం అందంగా ఉండాలి. వాటికి పోయిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆటోనగర్‌లో చేరిన రెండో నెల. మే ఎండలు. రైస్ మిల్లు షాఫ్టు ఒకటి నా చేతికిచ్చారు. 6210 బేరింగ్ ఎక్కాలి, అంటే లోపలి రంధ్రం 50 మిల్లీమీటర్లు. చివరి కట్ అవ్వగానే మైక్రోమీటర్ పెట్టాను. 50.01. బేరింగ్ బిగువుగా ఎక్కాలంటే షాఫ్టు రంధ్రం కంటే కాస్త లావుండాలి, సరిగ్గా కావాల్సిన కొలత. మేస్త్రి భోజనం చేసొచ్చి బేరింగ్ పెడితే, ఒక్క దెబ్బ వేయకుండా చేత్తోనే జారిపోయింది. మిల్లువాళ్లు బయట ఆటోలో కూర్చునున్నారు. నాకు కాళ్లు వణికాయి.

ఆయన తిట్టలేదు. ఇంకో ముక్క బిగించి "కట్ వెయ్యరా" అన్నారు. వేశాను. "ముట్టుకో." వేలు చురుక్కుమంది. "ఇప్పుడు కొలువు." కొలిచాను. తడిగుడ్డ చుట్టించి, పావుగంట ఆగి మళ్లీ కొలవమన్నారు. రెండు గీతలు తగ్గింది. గీతంటే మిల్లీమీటర్‌లో వందో వంతు.

వేడికి ఇనుము వ్యాకోచిస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. 50 మిల్లీమీటర్ల షాఫ్టు 40 డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు 0.02 లావవుతుందని లెక్క కట్టడం కూడా వచ్చు. అది నా లేత్ మీదే జరుగుతోందని అంతవరకూ ఎవరూ చూపించలేదు. ఆ రాత్రి తొమ్మిదింటిదాకా ఉండి కొత్త షాఫ్టు నేనే తీశాను.

అలాగని షెడ్డులో పడేస్తే పని అదే వస్తుందనుకోకండి. పక్క షెడ్డులో నా తోటివాడు ఏడాదిన్నర టీలు మోశాడు, ఇనుప పొట్టు ఊడ్చాడు. "చూసి నేర్చుకో" అనేవారు. చూస్తే రాదండీ. చెయ్యాలి, చెడగొట్టాలి, ఎందుకు చెడిందో అప్పుడే ఒకరు పక్కన నిలబడి చూపించాలి.

మీ దగ్గర కూడా సీనియర్‌కి టార్గెట్ తగ్గించకుండానే కొత్తవాణ్ణి అప్పగించి ఉంటారు. నేర్పుతూ కూర్చుంటే అతని పీసులు తగ్గుతాయి, మాట పడేది అతనే. ఇంకెందుకు నేర్పుతాడు? ముందు అతనికి రోజుకో గంట వదలండి. ఫీడ్‌బ్యాక్ ఫారాలు, సర్టిఫికెట్లు పట్టుకుని గ్రూపు ఫోటోలు మానేయండి. రెండో రోజుకల్లా అసలు పని చేతికివ్వండి.

ఇప్పుడు నా షెడ్డులో ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకుంటున్నారు. నెలకు మీటరు షాఫ్టు, అంటే పదిహేను కేజీల ఇనుము, వాళ్ల చేతిలో పాడవుతుంది. ఆ ఖర్చు జీతాల పద్దులోనే రాసుకుంటాను.