మా బుజ్జిగాడి మీద పడ్డ దొంగతనం కేసు

"మీ పెంపుడు కుక్క చేసే వింత పనులేంటి?" అని అడిగారు కాబట్టి చెబుతున్నా. మావాడికి సాక్సుల పిచ్చి. ఉతికి మడత పెట్టినవి ముక్కు ముందే ఉన్నా ముట్టుకోడు. రోజంతా వేసుకుని విప్పినవే కావాలి. అదీ ఒక్కటే, రెండోదాని జోలికి పోడు.

పోనీ ఎత్తుకెళ్లి దాక్కుంటాడా అంటే అదీ లేదు. సరిగ్గా నా చేతికందనంత దూరంలో పడేసి, ముందు కాళ్లు నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి తోక ఊపుతాడు. కుక్కల భాషలో 'రా, ఆడుకుందాం' అని. నేను వంగేలోపే అది మళ్లీ వాడి నోట్లో ఉంటుంది. ఇక సోఫా చుట్టూ ప్రదక్షిణలు. నున్నటి గచ్చు మీద మలుపు తిరగబోయి జారి, కర్టెన్‌లో చుట్టుకుపోయి, అందులోంచి కూడా సాక్సుతోనే బయటికొస్తాడు. నేను విసుగొచ్చి కూర్చుంటే వాడే తెచ్చి నా పాదం మీద పెడతాడు, తడిసి ముద్దయిన దాన్ని. (మింగేసే అలవాటున్న కుక్కలతో ఈ సరదా వద్దు. పేగుల్లో అడ్డుపడితే ఆపరేషన్ దాకా పోతుంది.)

ఒకరోజు పొద్దున ఆఫీసు హడావిడిలో ఉతికిన జతలో ఒకటి కనబడలేదు. ఇంకెవరు తీస్తారు? "ఎక్కడ పెట్టావురా?" అని గట్టిగా అరిచాను. చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య దోపి ఓరగా చూశాడు. "చూశారా, తప్పు చేసిన మొహం!" అంది మా ఆవిడ. విచారణ అయిపోయింది. వాడు ఉతికినవి ముట్టుకోడన్న సంగతే ఇద్దరికీ గుర్తు రాలేదు. సాయంత్రం చూస్తే సాక్సు వాషింగ్ మెషిన్ రబ్బరు మడతలో ఇరుక్కుని ఉంది!

2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు సరిగ్గా ఇదే పరీక్షించారు. వద్దన్న తిండి తిన్నా తినకపోయినా, యజమాని తిడితే కుక్కలు ఆ మొహమే పెట్టాయి. పైగా ఏ తప్పూ చేయని కుక్కల్లోనే తిట్ల ప్రభావం ఎక్కువ కనిపించింది. కుక్కని అదిలించి, అది మూలకి నక్కితే వీడియో తీసి నవ్వుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది పశ్చాత్తాపం కాదండీ, మన గొంతుకి భయం.

సారీ చెబుదామని వెళ్తే, నేను అప్పుడే విప్పిన సాక్సు ఒకటి గడ్డం కింద పెట్టుకుని గురక పెడుతున్నాడు.