అమ్మడం మానేసిన పాత గేమ్స్ డౌన్‌లోడ్ చేసుకోవడం తప్పా?

"కంపెనీయే అమ్మడం మానేసింది కదా, డౌన్‌లోడ్ చేసుకుంటే ఎవరికి నష్టం?" అని అడిగావు తమ్ముడూ. నల్లగొండలో కంప్యూటర్ రిపేర్ షాపు నడుపుతాను కాబట్టి ఈ మాట నాకు తరచూ వినిపిస్తుంది. పిల్లల ల్యాప్‌టాప్ ఫార్మాట్‌కి ఇచ్చి, పోయేముందు మెల్లగా "అన్నా, రోడ్ రాష్ ఎక్కిస్తవా?" అంటారు, అదే ఆ పాత బైక్ రేసు గేము. చిన్నప్పుడు నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులు కట్టి ఆడినవాళ్లు. ఆ ఆశ నాకు బాగా అర్థమవుతుంది.

చట్టం వరకు చూస్తే, అమ్మకం ఆగినంత మాత్రాన హక్కు పోదు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును కూడా సాహిత్య రచనల లెక్కలోనే వేస్తుంది. రాసినవాళ్ల జీవితకాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు. మనం ఆడిన గేమ్స్ దాదాపు ఏవీ ఆ గడువు దరిదాపుల్లో లేవు. నువ్వు కొన్న ఒరిజినల్ సీడీ ఉంటే మాత్రం, అది పాడైతే పనికొచ్చేలా బ్యాకప్ తీసుకోవచ్చని 52వ సెక్షన్ చెప్తుంది.

ఇక తప్పొప్పుల మాట. ఇవాళ ఆ గేము కొనడానికి దారి ఉందా అని ముందు వెతకాలి. చాలామంది వెతకరు. ప్రాజెక్ట్ ఐజీఐ 2000లో వచ్చింది, దాన్ని చేసిన నార్వే స్టూడియో ఎప్పుడో మూతపడింది. అయినా జీఓజీ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో ఆ గేము అమ్ముతున్నారు. కాంట్రా ఎక్కడా దొరకదంటారు, దాన్ని తయారుచేసిన కొనామి కంపెనీ 2019లో పాత కాంట్రాలు చాలావరకు ఒక కలెక్షన్‌గా తెచ్చింది. ఇలాంటివి ఫ్రీగా లాక్కోవడం నాకు తప్పుగానే కనిపిస్తుంది. డాగర్‌ఫాల్ లాంటి కొన్నిటినైతే కంపెనీలే ఉచితంగా ఇచ్చేశాయి.

రోడ్ రాష్ కథ వేరు. మనం కంప్యూటర్లో ఆడినదాంట్లో సౌండ్‌గార్డెన్ లాంటి బ్యాండ్ల పాటలున్నాయి. మళ్లీ అమ్మాలంటే ఆ పాటల హక్కులూ తేల్చుకోవాలి. ఇలా ఏదో ఒక చిక్కుతో అమ్మకానికి రాని గేములే ఎక్కువ. అమెరికాలో 2010కి ముందు విడుదలైన వాటిలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా తయారుచేసిన జోర్డాన్ మెక్నర్‌కే ఆ గేము అసలు సోర్స్ కోడ్, అంటే తను రాసిన ప్రోగ్రాం, ఏళ్లపాటు కనపడలేదు. వాళ్ల నాన్న పాత డబ్బాలో ఫ్లాపీలు దొరికితే 2012లో అందరికీ విడుదల చేశాడు. రాసినవాడి దగ్గరే ఇలా ఉంటే, అడ్రసు లేకుండా పోయిన స్టూడియోల పని ఎవరు దాస్తారు? దాస్తున్నది ఎక్కువగా అభిమానులే. అందుకే, కొనే దారి లేని గేమును ఇంట్లో ఆడుకోవడానికి దించుకున్నవాణ్ని దొంగ అనడానికి నాకు మనసొప్పదు. చట్టం ఒప్పుకోదని తెలిసే ఈ మాట చెప్తున్నాను.

డబ్బు చేతులు మారితే మాత్రం ఒప్పుకోను. వేల గేములు నింపి అమ్మే పెన్‌డ్రైవ్‌లు, టీవీకి పెట్టుకునే చిన్న బాక్సులు చూసే ఉంటావు. వాటిలో మారియో, కాంట్రా లాంటి ఇప్పటికీ అమ్ముడయ్యే గేములే ముందు వరసలో ఉంటాయి. పనిచేసినవాళ్లకు పైసా పోదు, మధ్యలోవాడు తింటాడు. అందుకే నా షాపులో పైసలు తీసుకుని గేమ్స్ ఎక్కించను. కస్టమర్లు కొందరు అలుగుతారు, అలగనీ.

ఒక జాగ్రత్త. పాత గేమ్ పేరుతో దొరికే సెటప్ ఫైళ్లలో వైరస్‌లు చాలా వస్తాయి. ఫైళ్లన్నీ లాకైపోయిన ల్యాప్‌టాప్‌తో, ఇంటర్ ప్రాజెక్టు పోయిందని కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చిన పిల్లలున్నారు. యాంటీవైరస్ ఆపేయమని అడిగే సెటప్‌ని అసలు నమ్మకు. విండోస్‌కు ముందు వాడిన డాస్ సిస్టమ్ కోసం చేసిన గేములకైతే డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం సరిపోతుంది. నీకు కావాల్సిన గేము పేరు కింద రాయి, ఇప్పుడు అమ్మకంలో ఉందేమో చూసి చెప్తాను.