నోటర్ డామ్‌లో అమ్మాయిల చదువు 1972లోనే మొదలైందా?

రెగ్యులర్ డిగ్రీ కోర్సుల వరకైతే అవును. కానీ అమెరికాలోని ఈ క్యాథలిక్ యూనివర్సిటీలో అంతకు చాలా ముందే ఆడవాళ్లు చదివారు. వాళ్లలో ఎక్కువమంది సన్యాసినులు! క్యాథలిక్ బడుల్లో పాఠాలు చెప్పే ఈ సిస్టర్లకు డిగ్రీలు కావాలి, బడి ఉన్న రోజుల్లో కుదరదు. అందుకే 1918లో మొదలైన వేసవి తరగతులకు వచ్చేవారు. ఏళ్ల తరబడి సెలవులన్నీ చదువుకే పోయేవి.

1960లలో పక్కనే ఉన్న సెయింట్ మేరీస్ మహిళా కాలేజీతో క్లాసులు పంచుకున్నారు. రెండింటినీ కలిపేద్దామనుకున్నారు గానీ, 1971లో ఆ ప్రయత్నం బెడిసికొట్టింది. దాంతో మరుసటి ఏడాది నోటర్ డామే నేరుగా అమ్మాయిలను చేర్చుకుంది. తొలి బ్యాచ్‌లో 365 మంది. వాళ్లకోసం బేడిన్, వాల్ష్ అనే హాస్టళ్లను అబ్బాయిలు ఖాళీ చేయాల్సి వచ్చింది.