కొత్త వాక్యూమ్ పంపు వేసే ముందు వెనక సీలు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

సెస్నా 172 చిన్న విమానానికి, గైరో పరికరాలను తిప్పే గాలిని పీల్చే కొత్త వాక్యూమ్ పంపు వేసిన కొద్ది నెలలకే మళ్లీ ఎందుకు పోయిందని అడిగావు. ఇంకో పంపు తెప్పించే ముందు, పాతది విప్పిన చోట ఇంజన్ ప్యాడ్ (పంపు బిగించే చోటు) మధ్యలో వేలితో తడిమి చూడు. ఆయిల్ తగిలితే తప్పు పంపుది కాదు.

ఆయిల్ లేకుండా నడిచే డ్రై పంపు లోపల రోటర్ (తిరిగే దిమ్మ), దాని గాడుల్లో కదిలే వేన్లు (రేకులు) అన్నీ కార్బన్‌వే. అవి అరుగుతూ వదిలే సన్నటి పొడే వాటికి కందెన. ఆ పొడిలో ఆయిల్ కలిస్తే జిగట ముద్దవుతుంది. వేను గాడిలో ఇరుక్కుని విరుగుతుంది, ఆ ముక్క అడ్డుపడి రోటర్ పగులుతుంది, ఇంజన్‌తో పంపును కలిపే కప్లింగ్ తెగుతుంది. అప్పుడు పైలట్ మబ్బులో ఉంటే, గైరోలు మెల్లగా నెమ్మదించి, విమానం ఎటు వాలిందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ తప్పు చూపించడం మొదలుపెడుతుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆయిల్ ఎక్కువగా వచ్చేది డ్రైవ్ షాఫ్ట్ సీలు నుంచే. కప్లింగ్ చుట్టూ, ప్యాడ్ గుంటలో తడి ఉంటే సీలు పోయినట్టే. ఫ్లాంజ్ (పంపును ప్యాడ్‌కు బిగించే పళ్లెం) బయటి అంచు మాత్రమే తడిగా ఉండి లోపల పొడిగా ఉంటే, పై నుంచి ఎక్కడో కారుతోంది. ఆయిల్ ఫిల్టర్ అడాప్టర్ వైపు వెతుకు. సీలు మార్చకుండా కొత్త పంపు బిగించవద్దు, ఎంత తొందర ఉన్నా సరే. గాస్కెట్ ప్రతిసారీ కొత్తదే వెయ్యి. నట్లకు టార్క్ 50 నుంచి 70 ఇంచ్-పౌండ్లు. అయినా నీ పంపుతో వచ్చిన కాగితం చూసే బిగించు.

ఇంజన్ కడగడం రెండో ప్రమాదం. స్ప్రే గన్‌తో కొట్టిన సాల్వెంట్ కప్లింగ్ దగ్గరి సందులోంచి, అవుట్‌లెట్ గొట్టంలోంచి లోపలికి పోతుంది, పోతూ మురికి ఆయిల్‌నీ కరిగించి తీసుకుపోతుంది. కడిగే ముందు పంపుకు మందపాటి ప్లాస్టిక్ సంచి తొడిగి కట్టు, గొట్టం మూతి మూసెయ్యి. ఆ సంచికి ఎర్ర రిబ్బన్ కట్టు, స్టార్ట్ చేసే ముందు తీయడం మరిచిపోకుండా.

ఫిట్టింగుల మరలకు టెఫ్లాన్ టేపు, సీలెంట్ ఏదీ వద్దు. పోగు తెగి లోపలికి పోయినా వేను ఇరుక్కుంటుంది. చేత్తో బిగించాక రెంచితో ఒకటిన్నర తిప్పు మించవద్దు. పంపు ఒంటిని వైస్‌లో నొక్కితే లోపలి కార్బన్ పగులుతుంది. ఫ్లాంజ్‌నే, అదీ చెక్క ముక్కల మధ్య పట్టించు.

పాత పంపు పగిలి ఆగిపోయి ఉంటే గొట్టాల్లో కార్బన్ ముక్కలు మిగిలి ఉంటాయి. విప్పి గాలి కొట్టి శుభ్రం చెయ్యి. గట్టిపడిన హోసులు పారెయ్యి. వాక్యూమ్‌ను అదుపుచేసే రెగ్యులేటర్ ఫిల్టర్, గైరో ఫిల్టర్ కూడా అప్పుడే మార్చు. వాక్యూమ్ గేజి 4.5 నుంచి 5.5 పాదరస అంగుళాల మధ్య ఉండాలి. తగ్గితే రెగ్యులేటర్ తిప్పి సరిపెట్టవద్దు, మూసుకుపోయిన ఫిల్టరో లీకో ముందు పట్టుకో. కప్లింగ్ ఆరేళ్లకోసారి మార్చాలి, వయసుతో పెళుసెక్కుతుంది.

పాత విమానాల్లో ఉండే వెట్ పంపుకు ఇదంతా వర్తించదు. దానికి ఇంజన్ ఆయిలే కందెన.

సీలు మార్చిన రోజు, గంటలు లాగ్‌బుక్‌లో విడిగా రాయి. తర్వాత వచ్చే 100 గంటల చెకప్‌లో ప్యాడ్ కింద టార్చి వేసి చూడు.